పౌర్ణమి రాత్రి టెలిస్కోప్‌కి ముసుగు వెయ్యకండి

పౌర్ణమి ఇంకో మూడు రోజులుందనగానే టెలిస్కోప్ ఉన్నవాళ్ళలో చాలామంది దానికి గుడ్డ కప్పేసి మూల పెట్టేస్తారు, మళ్ళీ అమావాస్య దగ్గరపడే దాకా దాని జోలికి పోరు. నేను కూడా మొదటి రెండేళ్ళు అంతే. తర్వాత ఒకసారి కూర్చుని లెక్క చూసుకుంటే వానాకాలమంతా మబ్బులకే పోయింది, మిగిలిన దాంట్లో సగం వెన్నెలకి పోయింది, పొద్దున్నే డ్యూటీ ఉన్న రాత్రులు పోయాయి, ఏడాది మొత్తం మీద ఆకాశం చూసింది ఇరవై రాత్రులు కూడా లేవు. అప్పట్నించి వెన్నెల రాత్రులు వదులుకోవడం మానేశాను. వెన్నెల్లో ఏమీ కనపడదు అనేది సగమే నిజం. నెబ్యులాలు (అంటే అంతరిక్షంలో గ్యాసు, ధూళి మబ్బులు), గెలాక్సీలు, తోకచుక్కల తోకలు కనపడవు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ జంట నక్షత్రాలకి వెన్నెలతో పెద్దగా గొడవే లేదు. ఎందుకు లేదు అన్నది అర్థమైతే టెలిస్కోప్ ఎలా పనిచేస్తుందో కూడా చాలావరకు అర్థమైనట్టే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

చంద్రుడి వెలుగు గాలిలో చెదిరి ఆకాశం మొత్తానికి ఒక పలచటి తెల్ల రంగు పూస్తుంది. గెలాక్సీ కూడా ఆకాశంలో పరుచుకున్న పలచటి వెలుగే, అంటే పాలలో పాలు కలిసినట్టు, రెండిటికీ తేడా తెలీదు. సరే అని పవర్, అంటే ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందో అది, పెంచామనుకోండి, గెలాక్సీ ఎంత మసకబారుతుందో వెనక ఆకాశం కూడా అంతే మసకబారుతుంది, కాబట్టి లాభం లేదు. నక్షత్రం సంగతి వేరు. ఎంత పెద్దది చేసి చూసినా అది చుక్కే, దాని వెలుగంతా ఒక్క బిందువులోనే ఉంటుంది. నా దగ్గర ఉన్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ పడే చోటికి దూరం) ఉన్న మామూలు న్యూటోనియన్, అంటే అద్దాలతో పనిచేసే టెలిస్కోప్. దాంట్లో 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే, 650ని 25తో భాగించి, 26 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెట్టి దానికి 2 ఎక్స్ బార్లో (పవర్‌ని రెట్టింపు చేసే కటకం) తగిలిస్తే 130 రెట్లు. అంటే పవర్ అయిదింతలు పెరిగింది, వెనకున్న ఆకాశం వెలుగు అయిదు అయిదుల ఇరవై అయిదు వంతుల్లో ఒక వంతుకి పడిపోయింది, నక్షత్రం మాత్రం దాదాపు అలాగే ఉంది. తెల్లగా ఉన్న ఆకాశం మీ కళ్ళ ముందే నల్లబడుతుంది. ఇదంతా ఐపీస్ మార్చినంత సేపట్లో జరిగిపోతుంది, ఒక్కసారి చేసి చూడండి, నేను పది పేజీలు రాసినా రాని నమ్మకం వస్తుంది.

ఇంకో మాట. హైదరాబాదులోనో విజయవాడలోనో మేడ మీద నుంచి చూసేవాళ్ళకి వీధి దీపాల పుణ్యమా అని ఏడాది పొడుగునా ఆకాశం వెన్నెల రాత్రిలాగే ఉంటుంది. కాబట్టి పైన చెప్పిన లెక్క సిటీలో అమావాస్యకి కూడా వర్తిస్తుంది. ఊళ్ళో పొలం గట్టున ఉన్నవాళ్ళకి పాలపుంత ఉంది, మేడ మీద ఉన్నవాళ్ళకి జంట నక్షత్రాలున్నాయి. ఇదేదో సర్ది చెప్పుకోవడానికి అంటున్న మాట కాదు, ఈ జంటల్లో ఉన్నంత కథ చాలా నెబ్యులాల్లో కూడా లేదు.

ఇప్పుడు జంట నక్షత్రం అంటే ఏంటో చూద్దాం, ఎందుకంటే చాలామంది తికమకపడేది ఇక్కడే. కంటికి ఒకటిగా కనపడే చుక్క టెలిస్కోప్‌లో రెండుగా విడిపోతే దాన్ని జంట అంటాం. కానీ ఆ రెండూ నిజంగా పక్కపక్కనే ఉన్నాయా, లేక ఒకటి దగ్గర్లో ఇంకొకటి ఎక్కడో వెనకాల ఉండి మన చూపుకి ఒకే వరసలో పడ్డాయా? రోడ్డు మీద స్తంభానికి ఉన్న బల్బు, దూరంగా కొండ మీద గుడి దీపం ఒకదాని పక్కన ఒకటి కనిపించినట్టు. మొదటి రకం అసలైన జంట, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉంటాయి, బైనరీ అంటారు. రెండోది కేవలం చూపుకి జంట. ఐపీస్‌లో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, చూపుతో తేల్చలేం.

చాలా కాలం పాటు అందరూ అన్నీ రెండో రకమే అనుకున్నారు. 1767లో ఇంగ్లండులో జాన్ మిచెల్ అనే ఆయన ఇన్ని చుక్కలు ఇంత దగ్గర దగ్గరగా ఊరికే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం లేదని లెక్కగట్టి చెప్పాడు, ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత విలియం హెర్షెల్ రంగంలోకి దిగాడు. ఆయన మొదట్లో సంగీతం మాస్టారు, బాత్ అనే ఊళ్ళో ఇంటి వెనక తోటలో సొంతంగా అరగదీసుకున్న అద్దాలతో టెలిస్కోప్ పెట్టుకుని చూసేవాడు. జంట నక్షత్రాల వెంట పడింది వాటి మీద ప్రేమతో కాదు, నక్షత్రాల దూరం కొలుద్దామని. ప్రకాశంగా ఉన్నది దగ్గర, మసకగా ఉన్నది దూరం అనుకుంటే, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ దగ్గరిది కొంచెం జరిగినట్టు కనపడాలి కదా, బొటనవేలు ముందు పెట్టి ఒక కన్ను తర్వాత ఒక కన్ను మూసి చూస్తే వేలు జరిగినట్టు. అందుకని రాత్రుళ్ళు కూర్చుని 1782 నాటికి 269 జంటల జాబితా తయారు చేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ కొలిస్తే కొన్ని జంటలు జరిగాయి, కానీ ఏడాదికోసారి అటూ ఇటూ ఊగే జరుగుడు కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న జరుగుడు. 1802లో బైనరీ అనే మాట వాడాడు, 1803లో పునర్వసులోని క్యాస్టర్ లాంటి జంటల కొలతలు చూపించి ఋజువు చేశాడు. దూరం కోసం వెతికితే దొరికింది ఇది. న్యూటన్ చెప్పిన ఆకర్షణ మన సూర్యుడి ఇంటికే పరిమితం కాదు, అంత దూరంలో కూడా అదే రూలు నడుస్తోంది అని మనిషికి మొట్టమొదట తెలిసింది ఈ జంటల వల్లే. నాకు ఈ సంగతి తలుచుకున్న ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, చూడటం దగ్గరికొద్దాం. జంటల మధ్య దూరాన్ని ఆర్క్‌సెకండ్లలో కొలుస్తారు. ఒక డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క. చందమామ అడ్డంగా దాదాపు 1800 ఆర్క్‌సెకండ్లు ఉంటుంది. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, చార్మినార్ దగ్గర మీరు నిలబడండి, హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడి చేతిలో పదిరూపాయల బిళ్ళ పెట్టండి, అక్కడి నుంచి ఆ బిళ్ళ ఎంత వెడల్పు కనపడుతుందో అదే సుమారుగా ఒక ఆర్క్‌సెకండ్. టెలిస్కోప్ ఎంత చిన్న సందు విడదీయగలదో చెప్పడానికి డాస్ అనే ఆయన పేరు మీద ఒక సూత్రం ఉంది, 116ని అద్దం వ్యాసంతో, అంటే మిల్లీమీటర్లలో ఉన్న దానితో భాగించడమే. 70 మిల్లీమీటర్ల లెన్సుకి 1.7 ఆర్క్‌సెకండ్ల దాకా, నా 130కి 0.9 దాకా. ఇది కాగితం మీద లెక్క, రెండు నక్షత్రాలూ సమానంగా వెలుగుతూ గాలి నిలకడగా ఉన్న రాత్రికి సంబంధించింది. ఇంకో మోటు లెక్క నేను వాడేది, జంట మధ్య దూరాన్ని పవర్‌తో గుణిస్తే కనీసం 250, 300 రావాలి, అప్పుడే మన కన్ను హాయిగా రెండుగా చూస్తుంది.

ఇక అసలు శత్రువు వెన్నెల కాదు, గాలి. కాగుతున్న నీళ్ళ గిన్నె అడుగున బిళ్ళ పడేస్తే ఎలా వణుకుతూ కనిపిస్తుందో, వేడిచల్లని గాలి పొరల్లోంచి నక్షత్రం అలా వణుకుతుంది. కంటికి నక్షత్రాలు బాగా మిణుకుమిణుకుమంటున్నాయి, ఆకాశం అద్దంలా ఉంది అనుకున్న రాత్రి జంటలకి పనికిరాదు, వాన వెలిసిన మర్నాడు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. దానికి బదులు కొంచెం పొగమంచులా ఉండి, ఆకు కదలక, చుక్కలు నిలకడగా వెలిగే రాత్రి, అందరూ ఛీ ఈరోజు బాలేదు అనే రాత్రి, అదే మన రాత్రి. గాలి ఒక్కటే కాదు, మేడ శ్లాబు కూడా ఉంది. వేసవిలో పొద్దంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మా చిన్నప్పుడు మేడ మీద పడుకోబోయే ముందు సాయంత్రమే బకెట్లతో నీళ్ళు చల్లేవాళ్ళు, నేనిప్పుడు టెలిస్కోప్ కోసం అదే చేస్తున్నా, తేడా నాకైతే స్పష్టంగా తెలుస్తుంది. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పైనుంచి చూడకండి. టెలిస్కోప్‌ని అరగంట ముందే బయట పెట్టండి, అద్దం బయటి గాలితో సమానంగా చల్లబడాలి, లేకపోతే గొట్టంలోనే వేడి గాలి తిరుగుతూ చుక్కని చెదరగొడుతుంది. న్యూటోనియన్ అయితే అద్దాలు సరిగ్గా ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోండి, జంటల దగ్గర ఈ చిన్న తేడా వెంటనే బయటపడిపోతుంది.

వెన్నెల రాత్రికి మాత్రమే సంబంధించిన జాగ్రత్తలు రెండే. చంద్రుడికి కనీసం ముప్పై నలభై డిగ్రీల దూరంలో ఉన్నవి చూడటం ఒకటి, వెన్నెల నేరుగా గొట్టంలోకి పడకుండా మూతి దగ్గర నల్ల చార్ట్ పేపర్ చుట్టడం రెండోది. చిన్న చుక్కలు మాయమైపోతాయి కాబట్టి దారి చూపించే చుక్కలు దొరకవు, అందుకని కంటికి కనపడే పెద్ద నక్షత్రాలనే ఎంచుకోవాలి. అదృష్టం ఏంటంటే మంచి జంటల్లో చాలావరకు అలాంటివే.

చైత్ర పౌర్ణమి అనుకుందాం, రాత్రి తొమ్మిదిన్నర. చైత్రం అన్నారంటే చంద్రుడు చిత్త నక్షత్రం దగ్గర ఉంటాడు, మన నెలల పేర్లే చెప్పేస్తున్నాయి ఎటు చూడకూడదో. కాబట్టి ఆగ్నేయం వైపు వదిలేయండి, కన్యా రాశిలో పొర్రిమా అనే గొప్ప జంట ఉంది కానీ ఈ రాత్రికి దానికి సెలవు.

ఉత్తరం వైపు తిరిగితే సప్తర్షులు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాని పక్కన అంటుకున్నట్టు అరుంధతి. పోయినేడు మా అత్తయ్య వచ్చినప్పుడు మేడెక్కించి చూపించా. "మా పెళ్ళిలో పట్టపగలు చూపించార్రా అరుంధతిని, పంతులుగారు కనపడిందా అమ్మా అంటే కనపడిందండీ అన్నా, ఏం కనపడింది నా మొహం" అంది. ఐపీస్‌లో కన్ను పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఒరేయ్, ఇక్కడ మూడున్నాయి, వశిష్ఠుడి పక్కనే ఇంకెవరో ఉన్నారు" అంది. అదే చూడాల్సింది. వశిష్ఠుడు అంటే మైజార్, 14 ఆర్క్‌సెకండ్ల దూరంలో రెండుగా విడిపోతుంది, 26 పవర్ చాలు. అరుంధతి, అంటే ఆల్కార్, వాటికి 12 ఆర్క్‌మినిట్ల (ఒకటి అంటే 60 ఆర్క్‌సెకండ్లు) దూరంలో, ఐపీస్‌లో వాటితో పాటే కనపడుతుంది. టెలిస్కోప్‌లో జంటగా చూసిన మొదటి నక్షత్రాల్లో ఇదొకటి, 1617లో గెలీలియో శిష్యుడు కాస్టెల్లి దీన్ని చూడమని గెలీలియోకి చెప్పాడు, ఆయన చూసి కొలిచాడు కూడా. ఫోటో తీసిన మొట్టమొదటి జంట కూడా ఇదే, 1857లో. అక్కడితో అయిపోలేదు, 1889లో హార్వర్డులో మైజార్ వెలుగుని రంగులుగా విడదీసి చూస్తుంటే ఆ రంగుల్లో ఉండే సన్నటి నల్ల గీతలు ఒక్కోసారి ఒకటిగా, ఒక్కోసారి రెండుగా కనపడ్డాయి, అంటే ఆ ఒక్క చుక్కలో ఇంకో జంట దాగి ఉంది, ఇరవై రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ. ఏ టెలిస్కోప్ ఐపీస్‌లోనూ విడిపోనంత దగ్గర. తర్వాత పక్కనున్నది కూడా జంటే అని తేలింది, 2009లో అరుంధతికి కూడా ఒక చిన్న తోడు దొరికింది. మొత్తం ఆరు. అత్తయ్యకి ఇది చెబితే "పెద్ద కుటుంబమే" అని నవ్వి మళ్ళీ కన్ను పెట్టింది.

నడినెత్తిన సింహరాశి. మఖ నక్షత్రానికి కాస్త ఉత్తరంగా, సింహం తల దగ్గర కొడవలి ఆకారంలో ఉన్న చుక్కల వరస మెడ వంపులో ఉన్నది అల్గీబా. మన హైదరాబాదు అక్షాంశంలో ఇది దాదాపు నెత్తి మీదుగానే పోతుంది, అక్కడ గాలి పొర అన్నిటికన్నా పలచన కాబట్టి నాకు ఏడాదిలో బాగా విడిపోయే జంట ఇదే. మధ్య దూరం 4.7 దాకా ఉంటుంది, 65 పవర్‌లో విడిపోతుంది, 130లో అయితే మధ్యన నల్లటి సందు కనిపిస్తుంది, రెండూ బెల్లం పాకం రంగులో. ఇది అసలైన జంట, ఒక చుట్టు తిరగడానికి అయిదొందల ఏళ్ళ పైనే పడుతుంది. అంటే శ్రీకృష్ణదేవరాయలు ఉన్నప్పుడు మొదలైన చుట్టు ఇంకా నడుస్తోంది అన్నమాట.

పడమట పునర్వసు. రెండు పెద్ద చుక్కల్లో ఉత్తరం వైపుది క్యాస్టర్, హెర్షెల్ ఋజువుకి మూలం. ఇప్పుడు దాదాపు అయిదున్నర ఆర్క్‌సెకండ్ల దూరంలో రెండు తెల్లటి చుక్కలు, ఒకటి కొంచెం పెద్దది. ఒక చుట్టుకి నాలుగువందల యాభై ఏళ్ళు దాటుతుంది. ఇక్కడ కూడా దగ్గర్లో ఉన్న ఇంకో మసక చుక్కతో కలిపి మొత్తం ఆరు నక్షత్రాలు, మనకి కనపడేవి మూడే.

దక్షిణం వైపు బిల్డింగులు అడ్డం లేకపోతే వైశాఖ పౌర్ణమికి రాత్రి పదకొండు ప్రాంతంలో ఆల్ఫా సెంటారీ చూడండి. హైదరాబాదు నుంచి పన్నెండు డిగ్రీల ఎత్తుకే వస్తుంది, తిరుపతి నుంచి అయితే పదిహేను దాటుతుంది. అంత కిందన గాలి పొర మందం కాబట్టి వణుకుతూనే ఉంటుంది, ఓపిగ్గా చూస్తే మధ్యమధ్యలో ఒక్క క్షణం నిలబడి రెండుగా కనిపిస్తుంది. ఇది జంట అని మొదట కనిపెట్టింది మనకి దగ్గర్లోనే, పుదుచ్చేరిలో. 1689 డిసెంబరులో జాన్ రిషో అనే ఫ్రెంచి జెసూట్ ఫాదర్ అక్కడ తోకచుక్కని చూస్తూ చూస్తూ ఈ నక్షత్రం వైపు టెలిస్కోప్ తిప్పితే రెండుగా కనపడింది. సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గర్లో ఉన్న నక్షత్ర కుటుంబం ఇది, ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తెలీదు. ఈ రెండూ 80 ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతాయి, 2015, 16ల్లో 4 ఆర్క్‌సెకండ్ల దాకా దగ్గరికొచ్చి ఇప్పుడు మళ్ళీ దూరం జరుగుతున్నాయి, అంటే ఒక మనిషి తన జీవితంలో చుట్టు మొత్తం చూడొచ్చు.

ఇంతకీ ఈ తిరుగుడు వల్ల ఏంటి లాభం అంటే, నక్షత్రాన్ని తూకం వేయడం. వేరే దారి లేదు దాదాపుగా. ఒంటరి నక్షత్రం బరువు నేరుగా తెలుసుకోలేం, జంటగా ఉంటే ఎంత దూరంలో, ఎంత కాలంలో తిరుగుతుందో చూసి చెప్పేయొచ్చు. ఆల్ఫా సెంటారీ రెండిటి మధ్య సగటు దూరం భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి సుమారు 23.4 రెట్లు. 23.4ని మూడుసార్లు వేసి గుణించండి, అంటే 23.4 × 23.4 × 23.4, 12,800 చిల్లర వస్తుంది. తిరిగే కాలం 80 ఏళ్ళు, 80ని 80తో గుణిస్తే 6,400. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 2. అంటే ఆ రెండు నక్షత్రాలూ కలిపి రెండు సూర్యుళ్ళ బరువు. స్కూల్లో చదివిన కెప్లర్ సూత్రమే, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. మిగతా నక్షత్రాల బరువుల గురించి పుస్తకాల్లో ఉన్న అంకెలకి పునాది ఇలాంటి జంటలే.

ఈ కొలతలు ఎంత సున్నితమో చెప్పడానికి మన మద్రాసు అబ్జర్వేటరీ కథ ఒకటుంది. 1855లో అక్కడి డైరెక్టర్ కెప్టెన్ జాకబ్ 70 ఓఫియుకి అనే జంట లెక్క ప్రకారం తిరగడం లేదని, అక్కడ కనపడని గ్రహం ఏదో లాగుతోందని ప్రకటించాడు. వేరే సూర్యుడి దగ్గర గ్రహం ఉందని కొలతల ఆధారంగా చెప్పిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. తర్వాత అది నిలబడలేదు, కొలతలో తేడా అంతే. కానీ ఆలోచన సరైనదే, ఇప్పుడు చాలా గ్రహాల్ని నక్షత్రం అటూ ఇటూ ఊగడం చూసే పట్టుకుంటున్నారు. ఆ రోజుల్లోనే మన విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. మన నేల మీద సొంత టెలిస్కోప్‌తో ఆకాశం చూడటం కొత్తగా మొదలైన సరదా కాదు.

అన్ని జంటలూ తేలిగ్గా విడిపోతాయని కాదు. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశంగా ఉండే నక్షత్రం సిరియస్ పక్కన తోడు ఉందని 1844లో బెసెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త దాని ఊగుడు చూసి చెప్పాడు, 1862లో గానీ కంటికి దొరకలేదు. దూరం ఇప్పుడు 11 ఆర్క్‌సెకండ్ల దాకా ఉంది, మైజార్‌కి కాస్త తక్కువంతే, అయినా నా టెలిస్కోప్‌లో ఎప్పుడూ కనపడలేదు, ఎందుకంటే సిరియస్ దానికన్నా దాదాపు పదివేల రెట్లు ప్రకాశం. లారీ హెడ్‌లైట్ పక్కన మిణుగురుని వెతకడం లాంటిది. అంటే దూరం ఒక్కటే చూస్తే సరిపోదు, వెలుగుల తేడా కూడా చూడాలి. దీనికి ప్రాక్టీసు కావాలంటే చలికాలంలో ఓరియన్ చుక్కల గుంపులోని రైజెల్ మంచిది, 9 ఆర్క్‌సెకండ్ల చిల్లర దూరంలో చిన్న తోడు ఉంటుంది, గాలి నిలకడగా ఉన్న రాత్రి పెద్ద వెలుగు అంచున నలుసులా దొరుకుతుంది.

కార్తీక పౌర్ణమికి వచ్చేసరికి సరుకు మారిపోతుంది. దీపాలు వదిలి ఇంటికొచ్చాక ఏడింటికల్లా మేడెక్కితే పడమటి వైపు సిగ్నస్ చుక్కల గుంపులో అల్బిరియో, ఒకటి పసుపు బంగారం, ఒకటి నీలం, 34 ఆర్క్‌సెకండ్ల దూరం, ఏ చిన్న టెలిస్కోప్‌లోనైనా విడిపోతుంది. ఫోకస్‌ని ఒక్క పిసరు తప్పించి చూడండి, చుక్కలు కొంచెం ఉబ్బి రంగు ఇంకా బాగా తెలుస్తుంది. వెన్నెల్లో నాకు రంగులు ఇంకా చక్కగా కనపడతాయి, చిమ్మచీకట్లో పెద్ద చుక్కలు కళ్ళు మిరుమిట్లు గొలిపినట్టు ఉంటాయి, వెన్నెల ఆకాశంలో ఆ చురుకు తగ్గుతుంది. ఇంత అందమైన ఈ జంట నిజంగా జంటేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం లెక్కల్లో రెండూ వేరే వేరే దిక్కులకి కదులుతున్నట్టు కనపడేసరికి చూపుకి జంటే కావొచ్చని చాలామంది అంటున్నారు. హెర్షెల్ కాలం నాటి ప్రశ్న, అందరికీ బాగా తెలిసిన జంట దగ్గరే ఇంకా తెగకుండా ఉంది.

అదే రాత్రి ఇంకాస్త ఆగితే ఈశాన్యం నుంచి అల్మాక్ పైకొస్తుంది, అల్బిరియో రంగులే, కానీ సందు 9.6 మాత్రమే, 65 పవర్ పెట్టండి. చూసిన ప్రతిదానికీ నోటుపుస్తకంలో ఒక చిన్న గుండ్రం గీసి రెండు చుక్కలు పెట్టి తేదీ వేయండి, చిన్న చుక్క పెద్దదానికి ఏ దిక్కున ఉందో రాయండి. నా పుస్తకంలో పొర్రిమా అయిదేళ్ళది ఉంది. అది 2005లో ఒకటిగా కలిసిపోయినంత దగ్గరికొచ్చింది, చిన్న టెలిస్కోపులకి అందలేదు, ఇప్పుడు మూడు ఆర్క్‌సెకండ్లు దాటి తేలిగ్గా విడిపోతుంది, 169 ఏళ్ళ చుట్టు. నా మొదటి బొమ్మలో రెండు చుక్కలు అంటుకున్నట్టు గీశాను, పోయిన నెల గీసిన దాంట్లో మధ్యన సన్నటి సందు ఉంది.